లోపటి గొళ్ళెం

నమోదు 1

డబ్బా, నీతోని ఏం మాట్లాడాల్నో నాకు తెల్వది. దవఖానోళ్ళు నిన్ను నా చేతుల పెట్టి, రోజూ షిఫ్టు దిగినంక పిల్ల సంగతి నీకు చెప్పుమన్నరు. ఏం తిన్నది, ఎంత తిన్నది, పెయ్యి కాలుతున్నదా, కక్కుకున్నదా, అన్నీ చెప్పాల్నట. నువ్వు అవన్నీ కింది మెట్టుల ఉన్న డాక్టరమ్మకు అందజేస్తవట. సరే, విను.

నా పేరు భాగ్య. గని బాయి లోపట ఉన్న మా లోగూడెంల గాలిపంకల కాడ జల్లెడలు కడుగుత. మా ఇంటాయన ఓదెలు బోను నడుపుతడు. జనాన్ని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దించుడు, ఎక్కిచ్చుడు ఆయన పని. ఇంట్ల మా అత్త రాజవ్వ ఉంటది, మా బిడ్డ సింగిడి ఉంటది. బిడ్డకు ఎనిమిదేండ్లు. దానికి రక్తంల క్యాన్సరు.

ఆ మాట నోటితోని అనుడు నాకు ఇదే మొదలు. ఇంట్ల ఎవ్వరం అంటలేం. అత్త 'ఆ పాడు రోగం' అంటది. ఓదెలు అది కూడ అనడు. నీకైతే పేరు పెట్టి చెప్పకపోతే ఎక్కదట, అందుకని చెప్పిన.

మొదలు పిక్కల మీద నల్లటి మచ్చలొచ్చినై. బండల మీద ఎగురుతవని తిట్టిన. తర్వాత ఒకరోజు పండ్లు తోముకుంటుంటే చిగుళ్ళకెల్లి నెత్తురు ఆగలే. దవఖానల సూది గుచ్చి చూసి, మా ఇద్దరిని ఒక అర్రల కూసోబెట్టి చెప్పిన్రు. ఓదెలు అంతా విని, మరి రేపు బడికి పంపొచ్చా అని అడిగిండు. డాక్టరమ్మ నా దిక్కు చూసింది.

'సంబంధం లేని సమాచారం, ఉష్ణోగ్రత చెప్పండి' అంటున్నవ్. పెయ్యి సల్లగనే ఉన్నది. ఇగ పో.

నమోదు 4

మొదటి విడత మందు అయిపోయింది. మందు ఈడ సీసాలల్ల రాదు. పిల్ల నెత్తురు తీసి, చూసి, దానికి తగ్గట్టు వండుతరు. ఎవరి మందు వాళ్ళకే. ఆ వండే మిషిని మాటిమాటికి పాడైతది. అది బాగయ్యేదాక బెంచీ మీద కూసోవాలె. కూసున్నం. వచ్చినోళ్ళందరు కూసున్నరు, ఎవ్వరూ లొల్లి చెయ్యలే, అందరి మొఖాలు ఒక్కతీరుగనే ఉన్నై.

రొమ్ము కాడ సన్నటి గొట్టం పెట్టి, దాంట్లకెల్లి మందు సుక్క సుక్క దింపిన్రు. సింగిడి ఏడ్వలే. పక్క మంచం కాడున్న ఒకామె నీ బిడ్డకు ఎంత ఓర్పు అన్నది. అంత పరేషాన్ల కూడ నాకు ఆ మాట బాగనిపించింది.

ఇంటికొచ్చినంక కక్కుడే కక్కుడు. పుట్టగొడుగుల చారు వాసనొస్తే సాలు, ముక్కు పట్టుకొని గోడ దిక్కు తిరుగుతది. పుట్టగొడుగు లేని కూర ఈ లోగూడెంల యాడ తేవాలె? బాయి లోపట అది తప్ప ఏం పండుతది? పై నుంచి దిగే బియ్యంల అత్త తన వంతు కూడ పిల్లకే గంజి కాస్తున్నది. తను ఏం తింటున్నదో అడిగితే నా మీద లేస్తది.

ఇయ్యాల పని కాడ మా వాడకట్టు గాలిగొట్టాల జల్లెడ నా వంతుకొచ్చింది. నీళ్ళు కొడుతుంటే మసిల నుంచి పొడుగు ఎంటికలు తేలినై. సన్నగ, జర ఎర్రగ, సింగిడియే. ఇంట్ల గాలికి లేసి గొట్టంల పడి పంకల దాక వచ్చినై. పక్కన కడిగేటామెకు కనబడకుంట పిండి జేబుల పెట్టుకున్న. వాటిని ఏం చేసుకుంటనో నాకే తెల్వది.

తిన్నది మూడు బుక్కలు. కక్కుకున్నది రెండుసార్లు. పెయ్యి సల్లగనే ఉన్నది.

నమోదు 5

డాక్టరమ్మ పేరు నిఖత్. పై నుంచి వచ్చిన మనిషి. మంచిదే, మెల్లగ చెప్తది, విసుక్కోదు. ఆమె చెప్పిందేందంటే, మందు రోగాన్ని తింటది, దాంతోపాటు మంచి నెత్తురును కూడ తింటది. ఆ నెత్తురు మల్ల పుట్టేదాక పిల్లకు ఎవరి దగ్గు తగిలినా, ఇంత దుమ్ము తగిలినా తట్టుకోలేదట. దవఖానల మంచాలు లేవు కాబట్టి ఇంట్లనే ఒక అర్ర ఇచ్చి తలుపు మూసి పెట్టాల్నట. ముక్కుకు గుడ్డ కట్టుకొని ఒక్కరే పోయి రావాల్నట. ఇద్దరం సరేనన్నం. అన్నం గాని ఒకరి మొఖం ఒకరం చూసుకోలే.

పైనోళ్ళకు ఏం తెలుసు. మా దగ్గర మనిషి ఉన్న అర్ర తలుపు మూయరు. మా అత్త చిన్నప్పుడు రెండో గల్లిల గ్యాసు లేసిందట. మిగిలినోళ్ళన్నా బతుకాలని గల్లి మీది ఇనుప తలుపు మూసిన్రట. అత్త ఇవుతల పడ్డది, ఆమె నాయిన అవుతల పడ్డడు. అవుతలోళ్ళు తలుపు కొట్టిన సప్పుడు, అది ఆగిపోయిన సంగతి ఆమె ఇప్పటికీ చెప్తది, చెప్పినప్పుడల్ల చెవుల మీద చేతులు పెట్టుకుంటది.

అప్పటి సంది లోగూడెంల పీనుగ లేసిన ఇంటికే తలుపు మూస్తరు. పండుకున్నా, ఏం చేసుకున్నా, తలుపు సందుల చెక్క ముక్క పెట్టి బెత్తెడు తెరిచే ఉంచుతరు. ఎవరికన్నా పానం బాగలేకుంటే వాడకట్టోళ్ళు వంతులేసుకొని వచ్చి పక్కన కూసుంటరు. దాన్ని ఊపిరితోడు అంటం. రోగమొచ్చిన మనిషిని ఒంటిగ పెట్టి తలుపు మూసుడంటే ఇంకేం లేదు, ఇడిసిపెట్టినట్టు.

చెక్క ముక్క నేనే తీసిన. తలుపు మీద చెయ్యి పెట్టిన. చెయ్యి ఆడలే. ఓదెలును మూయుమన్న. ఆయన పోయి తలుపు పట్టుకొని నిలబడి, నిలబడి, నీళ్ళు పట్టాలని బిందె తీస్కొని బయటికి పోయిండు. బిందె నిండుగనే ఉండె. అత్తనైతే నేను అడుగనే లేదు.

ఆఖరుకు మందం దుప్పటి ఒకటి దర్వాజకు కట్టి పరదా చేసినం. గాలి తగులకుంటే సాలు గదా, తలుపైతేంది దుప్పటైతేంది అనుకున్నం. నువ్వు అడిగినవ్ తలుపు మూసి ఉన్నదా అని. ఉన్నదన్న.

నమోదు 9

వాడకట్టోళ్ళు వస్తున్నరు. లోపటికి పోవద్దంటే పోతలేరు, మాట వినేటోళ్ళే. పరదా ఇవుతల పీటలేసుకొని కూసుంటున్నరు. ఎదురింటి కనకవ్వ మాత్రం దుప్పటి కింది నుంచి చెయ్యి పెట్టి పిల్ల అరికాలు పట్టుకొని కూసుంటది. సింగిడి మంచం దర్వాజ కాడికి జరుపుకొని కాలు కిందికి ఏలాడేసి ఇస్తది. చెయ్యి కడుక్కున్నవా అవ్వా అని నేను అడిగిన. కడుక్కున్న అన్నది. ఎట్ల కడుక్కున్నవని అడుగుడు బాగుండదు.

పిల్ల అందరికి నవ్వుకుంట సమాధానం చెప్తది. ఎట్లున్నవ్ బిడ్డా అంటే మంచిగున్న అంటది. పుండ్లు పడ్డ పెదవులతోని కథలు చెప్తది, వాళ్ళు నవ్వితే తను నవ్వుతది. మొగోళ్ళు కూడ ఇంత గట్టిగ ఉండరు అని కనకవ్వ అందరికి చెప్పుకుంట తిరుగుతున్నది.

నాకు మాత్రం ఒక్కోసారి వాళ్ళందరిని ఎల్లగొట్టాలనిపిస్తది. ప్రేమతోనే వస్తరు, నాకు తెల్వదా? ఏమన్నా తెస్తరు, ఏమన్నా సాయం చేస్తరు. కాని షిఫ్టు దిగి వచ్చి కాళ్ళు జాపుకుందామంటే ఇంట్ల జాగ ఉండదు. కూసున్నోళ్ళకు నీళ్ళియ్యాలె, పిల్ల సంగతి మొదటి నుంచి మల్ల చెప్పాలె. చెప్పిందే చెప్పి చెప్పి నా నోరే నాకు ఎవరిదో అనిపిస్తున్నది.

తలుపు మూసి ఉన్నది. అవును. రాసుకో.

నమోదు 10

డబ్బా, రెండో విడత మందు అయినంక నీతోని మాట్లాడుడు ఆపిన. ఏం జరిగిందో చెప్త.

పొద్దున గంజి తీస్కొని పోయిన. సింగిడి పండ్లు కొరుక్కుంట వణుకుతున్నది, మీద మూడు దుప్పట్లున్నా. పెయ్యి మీద చెయ్యి పెట్టిన, పెనం మీద పెట్టినట్టున్నది. లెవ్వు బిడ్డా అంటే కండ్లు తెరిచి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఎత్తుకొని ఉరికిన. ఓదెలు బోను కాడనే ఉన్నడు. ఎక్కుదామని నిలబడ్డోళ్ళను ఒక్క మాట అనకుంట పక్కకు జరిపిండు. మమ్మల్ని ఎక్కిచ్చుకొని గంట కూడ కొట్టకుంట నేరుగ కింది మెట్టుకు దించిండు. మేం దిగినంక బోనుల కూలబడ్డడట, తర్వాత తెలిసింది.

నెత్తురుల విషం పాకింది అన్నరు. పిల్లను అద్దాల అర్రల పెట్టిన్రు. నన్ను ఇవుతల నిలబెట్టిన్రు. నేను అద్దానికి మొఖం ఆనిచ్చి నిలబడితే తుడిచేటామె వచ్చి అద్దం పాడైతది, జరుగుమన్నది. జరిగిన. ఆమె పోయినంక మల్ల ఆనిచ్చిన.

నా బిడ్డ పోతదనుకున్న డబ్బా. నిజం చెప్తున్న. పోతదనే అనుకున్న.

నమోదు 11

జ్వరం దిగింది. పిల్ల కండ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. సంతోషపడుటానికి కూడ నాకు సత్తువ లేదు.

నిఖత్ డాక్టరమ్మ నన్ను పిలిచి కూసోమన్నది. నేను నీకు చెప్పినవన్నీ ఆమె ముందట ఉన్నై. ప్రతిరోజు తలుపు మూసి ఉన్నది అని నా గొంతుతోనే ఉన్నది. అప్పుడిగ దాచుడేంది, అంతా చెప్పిన. గ్యాసు లేసిన సంగతి, అత్త నాయిన సంగతి, చెక్క ముక్క, దుప్పటి, కనకవ్వ చెయ్యి. ఆమె అడ్డు రాకుంట విన్నది.

"ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మూసినవా అని అడిగిన్రు మేడం. మూయగల్గుతవా అని అడుగలే."

తిడుతదనుకున్న. తిట్టలే. కండ్లద్దాలు తీసి కండ్లు ఒత్తుకున్నది. ఆమె కూడ సరిగ పండుకోక ఎన్ని రోజులైందో. తర్వాత మెల్లగ చెప్పింది, ఇంకా రెండు విడతలు మిగిలినై, ఇంకోసారి ఇసుంటి జ్వరమొస్తే ఈ పెయ్యి మోయలేదు, అప్పుడు నేను మందు ఆపాలె, ఆపితే రోగం తిరిగి లేస్తది అని. వేరే ఉపాయం లేదా అని అడిగిన. ఉంటే నీకు ఇయ్యనా అన్నది.

వచ్చేటప్పుడు నా దగ్గు చూసి ఆమె నన్ను కూడ పరీక్ష చేయించింది. జల్లెడల మసి ఛాతిల పట్టిందట. రోగమేం కాదు గాని నువ్వు పిల్ల అర్రలకు అస్సలు పోవద్దు, తండ్రి పోతడు అన్నది. ఇదొకటి మిగిలింది నాకు.

నమోదు 13

మూడో విడత అయింది. సింగిడిని ఇంటికి తెచ్చినం.

ఓదెలు వచ్చుడు వచ్చుడే దుప్పటి విప్పేసిండు. తలుపు మూస్తరట అని ఎట్ల తెలిసిందో, వాడకట్టు వాడకట్టంత మా ఇంటి ముందట నిలబడ్డది. కనకవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. పీనుగ లేసే ఇంటి ముందట నిలబడ్డట్టే నిలబడ్డరు, నాకు ఒళ్ళు మండింది. మా అత్త పోయి గడప మీద అడ్డంగ కూసున్నది.

"నేను సచ్చినంక మూసుకోండ్రి," అన్నది.

డాక్టరమ్మ చెప్పిందంతా ఆమెకు మల్ల చెప్పిన. మూయకపోతేనే పిల్ల పోతది అత్తమ్మా, మూస్తే బతుకుతది అన్న. మా నాయిన కూడ బతుకుతడనే మూసిన్రా అని ఆమె అడిగింది. ఓదెలు వంగి తల్లిని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి పక్కకు కూసోబెట్టిండు. ఆమె కొట్టింది, ఆయన కొట్టనిచ్చిండు.

నేను తలుపు పట్టుకున్న. ఈసారన్నా మూయాలె గదా. మూస్తే బతుకుతదని తెలుసు. బుర్రకు తెలుసు. చెయ్యికి తెల్వది. అందరు నా చెయ్యినే చూస్తున్నరు. దగ్గొచ్చింది. మొఖం తిప్పుకొని దగ్గి మల్ల పట్టుకున్న. మల్ల చెయ్యి ఆడలే. ఏడుపు కాదు, కోపం వచ్చింది, నా మీద, ఈ ఊరి మీద, ఎన్నడో సచ్చిన అత్త నాయిన మీద కూడ.

అప్పుడు సింగిడి మంచం దిగింది. గోడ పట్టుకొని మెల్లగ తలుపు దాక వచ్చింది. ఎముకల మీద తోలు, నెత్తి మీద ఒక్క ఎంటిక లేదు. నా చెయ్యిని తలుపు మీదికెల్లి తీసి నా దిక్కు నూకింది.

"బయటోళ్ళు మూస్తేనే ఇడిసిపెట్టినట్టు. నేను లోపటికెల్లి మూసుకుంట. జరుగు అమ్మా."

జరిగిన. తలుపు పడ్డది. ఈ తలుపులకు లోపట గొళ్ళెం ఉంటది, ఎన్నడూ ఎవ్వరం వెయ్యలే, తుప్పు పట్టి ఉన్నది. అది గీక్కుంట కదులుతున్న సప్పుడు వినొస్తున్నది, పడుతలేదు. ఆ పిల్లకు బలం యాడున్నది. ఓదెలు తలుపు కాడికి పోయి నోరు దగ్గర పెట్టిండు.

"జర పైకి లేపి గుంజు బిడ్డా. పైకి లేపి."

గొళ్ళెం పడ్డది.

నమోదు 14

రోజూ ఒక్కతీరుగనే ఉన్నది, అందుకే చెప్పుటానికి ఏం లేదు. ఓదెలు ఒళ్ళు కడుక్కొని, గుడ్డ కట్టుకొని, తలుపు కొట్టి పేరు చెప్తే సింగిడి గొళ్ళెం తీస్తది. గంజి పెట్టి, గొట్టం చుట్టూ తుడిచి, పెయ్యి చూసి వస్తడు. వచ్చి నాకు చెప్తడు. ఇన్నేండ్లల్ల ఆ మనిషి ఇంత మాట్లాడింది నేను వినలే. ఇయ్యాల సగం గిన్నె తాగింది అని చెప్పేటప్పుడు చేతులతోని గిన్నె చూపిస్తడు.

అత్త రెండు రోజులు ఇంట్లకే రాలే, కనకవ్వ ఇంట్ల పండుకున్నది. మూడో రోజు వచ్చి తలుపుకు దూరంగ కూసున్నది. లోపట పిల్లకు పొద్దుపోక తలుపు మీద వేళ్ళతోని కొట్టింది. ఆ సప్పుడుకు ముసలామె లేసి నిలబడ్డది, చెవుల మీద చేతులు పెట్టుకున్నది. పడిపోతదని నేను పట్టుకున్న. లోపట మల్ల కొట్టింది. అత్త నన్ను ఇడిపించుకొని పోయి తలుపు మీద రెండుసార్లు కొట్టింది. లోపటికెల్లి మల్ల రెండుసార్లు వచ్చినై. ఇగ అప్పటి సంది ఆమె ఆడికెల్లి లేస్తలేదు, తిండి కూడ ఆడనే తింటున్నది.

వాడకట్టోళ్ళు గల్లిలనే కూసుంటున్నరు. దగ్గేటోళ్ళను కనకవ్వ తనే ఎల్లగొడుతున్నది.

నేను నా బిడ్డను చూడలే. గొంతు వింటున్న, అంతే. జ్వరం లేదు. తలుపు మూసి ఉన్నది.

నమోదు 17

నెత్తురు పరీక్ష వచ్చింది. మంచి నెత్తురు మల్ల పుట్టిందట. తెరువొచ్చు, గుడ్డ కట్టుకొని నువ్వు కూడ దగ్గరికి పోవచ్చు అన్నది నిఖత్ డాక్టరమ్మ. ఆమె గొంతుల నవ్వు నేను మొదటిసారి విన్న.

అందరు వచ్చిన్రు. తెరువు బిడ్డా అన్నం. లోపట కొంచెం సేపు సప్పుడు లేదు. తర్వాత గొళ్ళెం తీసి వచ్చింది, అందరు పట్టుకున్నరు, ముద్దులు పెట్టుకున్నరు, దూరంగ ఉండుండ్రి అని నేను ఒర్రుతనే ఉన్న. సింగిడి అందరికి నవ్వింది. మంచిగున్న అన్నది.

వాళ్ళు పోయినంక నా పక్కన కూసున్నది. గుడ్డ కట్టుకొని, చెయ్యి పట్టుకొని ఒంటిగ భయమైందా అని అడిగిన. కాలే అన్నది. తలుపు ఇంకా కొన్ని రోజులు మూసి ఉంటే బాగుండు అన్నది. ఎందుకే అన్న.

"మీరందరు కూసుంటే నవ్వాలె గదా అమ్మా. ఏడిస్తే మీరు ఏడుస్తరు. లోపట మంచిగ ఏడ్చుకున్న. రోజూ ఏడ్చిన."

ఓర్పు, ఓర్పు అని ఊరంత మురిసింది, నేను కూడ మురిసిన. ఎనిమిదేండ్ల పిల్లకు నొప్పి లేస్తే ఏడ్వనీక జాగ లేకుంట చేసినం, దాని చుట్టూ కూసొని. తోడు తోడు అనుకుంట కూసున్నం.

అది నా మొఖం చూస్తనే ఉన్నది. నువ్వెప్పుడు ఏడ్చినవ్ అని అడిగింది. నాకు యాళ్ళ యాడున్నదే అన్న. లేసింది, నన్ను చెయ్యి పట్టి లేపింది, అర్ర దిక్కు నూకింది. నేను బయట కూసుంట, నువ్వు పోయి గొళ్ళెం పెట్టుకో అన్నది.

వచ్చిన. పెట్టుకున్న. పైకి లేపి గుంజితేనే పడుతది. పుట్టినకాన్నుంచి నేను మూసిన అర్రల ఎన్నడూ లేను, మొదలు ఊపిరి ఆడనట్టే అనిపించింది. పిల్ల మంచం మీద కూసున్న. నువ్వు జేబుల ఉన్నవని తర్వాత యాదికొచ్చింది. అప్పటికే మొదలైంది. ఇంత ఏడుపు నా లోపట ఉన్నదని నాకు తెల్వది డబ్బా. సప్పుడు చేసుకుంట ఏడుస్తున్న, నోటికి కొంగు కూడ అడ్డం పెట్టుకుంటలేను. ఇంకో విడత ఉన్నది. అది అయినంక ఏమైతదో డాక్టరమ్మ కూడ చెప్పలేదు.

బయట అత్త వచ్చినట్టున్నది. తలుపెందుకు మూసి ఉన్నది, లోపట ఎవరున్నరు అని గాబరగ అడుగుతున్నది.

"అమ్మ ఉన్నది నానమ్మా. ఏడుస్తున్నది. నేను తోడున్న గదా, కొట్టకు."

అత్త కొట్టలే. నేను కూడ ఇప్పుడే గొళ్ళెం తియ్యను.